కొంగలున్న దిక్కు

నాచారం పెద్ద చెరువు పక్క గల్లీలో నిలబడి ఈత మాస్టర్ ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా హనుమాండ్లు ఇల్లు చూపిస్తారు. చూపించి ఊరుకోరు. ఆయన నీళ్ళలో మునిగితే ఒడ్డున ఉన్నవాడు బీడీ కాల్చి పారేసేదాకా పైకి రాడనీ, బావిలో పడ్డ బర్రెకు ఒక్కడే దిగి తాడు కట్టాడనీ చెప్పి మరీ పంపిస్తారు. ఇందులో సగం నిజం. మిగతా సగం హనుమాండ్లే ప్రచారంలో పెట్టాడు. ఇంట్లో మెత్తటి మనిషి, కూరగాయల బండి దగ్గర బేరమాడటం కూడా చేతకాదు. నీళ్ళ మాట వస్తే మాత్రం ఆయనకు వినయమన్నది బొత్తిగా లేదు. అంతటి మనిషి ఒకరోజు సముద్రపుటొడ్డున ఇసకలో బోర్లా పడుకుని, తల ఎత్తే ధైర్యం చాలక వణికిపోయాడంటే నాచారంలో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. జరిగింది మాత్రం అదే.

వాళ్ళది చెరువు మీద బతికిన ముదిరాజుల ఇల్లు. హనుమాండ్లు పుట్టేనాటికి నాచారం ఇంకా ఊరే, చెరువు ఇంకా చెరువే. వాళ్ళలో పిల్లలకు ఈత నేర్పడమంటే పెద్ద తతంగమేమీ ఉండదు. నడక గట్టిపడగానే వీపుకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి నీళ్ళలోకి విసిరేస్తారు. ఏడిస్తే ఏడుస్తాడు, రెండు గుక్కలు తాగితే తాగుతాడు. కొన్నాళ్ళకు బుర్ర విప్పేస్తారు. అంతే, వాడు ఈతగాడు. చేపపిల్లకు ఈత నేర్పాలా అన్నట్టుంటుంది వాళ్ళ ధోరణి.

ఈత నేర్పకపోయినా తండ్రి చంద్రయ్య ఒక్క మాట మాత్రం నేర్పాడు. "నడిమిట్ల దమ్ము ఆగకుంటే ఒడ్డు ఎటున్నదని సూడకురా. కొంగలు ఎటున్నయో సూడు. కొంగ నిలబడ్డ కాడ మోకాలు లోతే ఉంటది. గా దిక్కు పో." చెరువులో ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది, కానీ ఒడ్డుకూ మనకూ మధ్య మట్టి తవ్విన గుంట ఉండవచ్చు. కొంగకు ఆ మోసం లేదు. హనుమాండ్లు పిల్లవాడిగా ఉన్నప్పుడు, బాగా వానలు పడ్డ ఏడు, చెరువు మధ్యలో కాళ్ళకు నాచు చుట్టుకుని నోట్లోకి నీళ్ళు పోతుంటే, దూరంగా తెల్లగా నాలుగు కొంగలు కనిపించాయి. గుడ్డిగా అటే కొట్టుకుంటూ పోయాడు. కాలికి నేల తగిలింది. ఆ రోజు నుంచి ఆయనకు ఆ మాటే వేదం.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. వాన పడితే చెరువు మీద తెల్లటి నురుగు లేచి రోడ్డెక్కేది. ఒక ఎండాకాలం చేపలన్నీ వెల్లకిలా తేలాయి. చంద్రయ్య వల చుట్టి అటక మీద పడేసి, మరి కొన్నాళ్ళకు తనూ పోయాడు. హనుమాండ్లు గోడౌన్లలో మూటలు మోశాడు, షట్టర్ల ముందు కాపలా కాశాడు. రెండువేల సంవత్సరం దాటాక ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి. అందులో ఒకదానికి స్విమ్మింగ్ పూల్ కూడా కట్టారు. దాని గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. చేరిన కొద్దిరోజులకే ఎవరి పిల్లవాడో లోతు వైపు జారి పడితే, చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు వేస్తుండగానే టోపీ, బూట్లతో సహా దూకి తీసుకొచ్చాడు. మరునాటి నుంచి గేటుకు వేరే మనిషి వచ్చాడు, హనుమాండ్లు మాస్టర్ అయ్యాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే. భీమిలి దగ్గర పుట్టి తార్నాకలో గుమాస్తా పని చేసే చలపతిరావుగారైతే నలభై దాటాక వచ్చి నీళ్ళలో కాలు పెట్టారు. హనుమాండ్లు ఊరుకుంటాడా?

"సముద్రం పక్కన పుట్టి ఈత రాదా సార్?"

"సముద్రం పక్కన పుట్టాను కాబట్టే రాదు మాస్టారూ. మా అమ్మ ఆ దరిదాపులకు పోనిచ్చేది కాదు. అది మీ చెరువు లాంటిది కాదండీ."

"నీళ్ళంటే నీళ్ళే సార్. ఇంత ఉంటె చెరువు, గింత ఉంటె సముద్రం. గంతే ఫరక్."

ఈ జవాబు ఆయనకు ఎంత నచ్చిందంటే, వారం రోజుల పాటు కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అప్పటికి ఆయన సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూసి ఎరగడు.

ఆయనకు ఒక్కతే కూతురు, ఉమారాణి. పుట్టుకతోనే భయస్థురాలు. బల్లిని చూసినా భయమే, కరెంటు పోయినా భయమే. పూల్ దగ్గరికి తీసుకెళ్తే తండ్రి మెడ పట్టుకుని వదిలేది కాదు. హనుమాండ్లుకు తలకొట్టేసినట్టయింది. చెరువు బిడ్డకు నీళ్ళ భయమేంది? పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా విడిపించుకుని నీళ్ళలోకి వదిలాడు. తల్లి మైసమ్మ గట్టు మీద నిలబడి శాపనార్థాలు పెట్టింది. ఆయన చలించలేదు. "నా దిక్కు సూడు బిడ్డా. నేను ఏం జెయ్యమంటె గది జెయ్. నీకేం గాదు." పిల్ల ఏడుస్తూనే తండ్రి ముఖం వంక చూస్తూ చేతులు ఆడించింది. అలా నేర్చుకుంది. నేర్చుకుని, ఎవరూ ఊహించనంత బాగా ఈదింది. కానీ ఒక అలవాటు ఆ పిల్లకు ఉండిపోయింది. ఒడ్డు మీద తండ్రి మాటకు అడుగడుగునా ఎదురు చెప్పేది. నీళ్ళలో దిగి కాస్త గాబరా పడితే మాత్రం, చుట్టూ పదిమంది కోచ్‌లు ఉన్నా, ముందు తండ్రి ఎక్కడున్నాడా అని వెతికేది. ఇది హనుమాండ్లుకు తెలుసు. లోలోపల గర్వం కూడా ఉండేది. పూల్లో నేర్పేది పూల్లోనే నేర్పి, సెలవుల్లో ఘట్‌కేసర్ అవతల ఇంకా బతికున్న ఒక చెరువుకు సైకిల్ మీద తీసుకెళ్ళి, కొంగల మాట కూడా చెప్పాడు. చెప్పడమే కాదు, మధ్యలో వదిలేసి, అటు ఈదించి మరీ నమ్మించాడు.

డిగ్రీలో ఉండగా కాలేజీ తరఫున ఈత పోటీలకు విశాఖపట్నం వెళ్ళిన ఉమారాణి, పతకం తేలేదు గాని వింత కబురు తెచ్చింది. అక్కడ రుషికొండ దగ్గర పడుచు పిల్లలు పొడవాటి పలక మీద నిలబడి అలల మీద జారుకుంటూ వస్తున్నారట. దాన్ని సర్ఫింగ్ అంటారట. ఆ వేసవిలో మళ్ళీ వెళ్ళి నేర్చుకుంది కూడా. చలికాలంలో అక్కడివాళ్ళే కబురు పెట్టారు. ఆడపిల్లలకు నేర్పడానికి ఆడమనిషి కావాలట, కొన్నాళ్ళు తర్ఫీదు ఇచ్చి తీసుకుంటారట. మైసమ్మ మొత్తుకుంది. అది రాష్ట్రం విడిపోయే ఏడు, ఇక్కడ ధర్నాలు, అక్కడ బంద్‌లు. "గిప్పుడు గాడికెందుకే? పోతె పోయినవ్, నాయినను తోలుకపో" అని తీర్పు చెప్పింది. హనుమాండ్లు సెలవు పెట్టి, మెడలో తువ్వాల వేసుకుని, పెళ్ళికి పోతున్నవాడిలా సికింద్రాబాద్‌లో రైలెక్కాడు.

తెల్లవారాక ఆటో మలుపు తిరిగింది. సముద్రం కనిపించింది.

హనుమాండ్లు ఆటో దిగి నిలబడ్డాడు. ఆయన కళ్ళు అలవాటు కొద్దీ అవతలి గట్టు కోసం వెతికాయి. లేదు. ఎడమ వైపు చూశాడు, కుడి వైపు చూశాడు. ఎక్కడా లేదు. చెరువు నీళ్ళు ఉన్న చోట ఉంటాయి, మనిషే అందులోకి దిగాలి. ఇక్కడ నీళ్ళు తామే లేచి మనిషి మీదికి వస్తున్నాయి. వచ్చి, కాళ్ళ కింద ఇసకను లాక్కుని వెనక్కి పోతున్నాయి. చీలమండల దాకా తడిసేసరికి ఆయన ఒక్క గెంతులో వెనక్కి వచ్చాడు. తన బిడ్డ ఇందులోకి దిగుతుందా అనుకున్నాడు. ఈ వయసు దాకా నీళ్ళను చూసి భయపడటమంటే ఏమిటో తెలియని మనిషికి, అది భయమని గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. గుర్తుపట్టాక ఇంకా భయం వేసింది.

ఎవరితో చెప్పుకుంటాడు? మైసమ్మ ఫోన్ చేసి ఎట్లున్నదని అడిగితే, "ఏముంది, మన చెరువే. జర పెద్దగున్నది" అన్నాడు.

నేర్పే అతని పేరు నూకరాజు. అక్కడి జాలారిపేట కుర్రాడు, తండ్రీ తాతా సముద్రం మీద చేపల వేటకు పోయినవాళ్ళే. హనుమాండ్లును చూడగానే బాబాయ్ అని వరస కలిపాడు. మొదటి రెండు రోజులూ ఏ గొడవా లేకుండా గడిచాయి. ఉమారాణి అలల మీద నిలబడి వస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. హనుమాండ్లు కూడా కొట్టాడు, కళ్ళు సగం మూసుకుని. ఆ పిల్ల అల వెనక్కి వెళ్ళి కనబడకుండా పోయిన ప్రతిసారీ పై ప్రాణాలు పైనే పోయేవి. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. పైన రోడ్డు పక్కన టీకొట్టులో సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. టీ మీద టీ తాగేవాడు.

మూడో రోజు పొద్దున కూడా అక్కడే ఉన్నాడు. కింద ఇసకలో నూకరాజు ఆడపిల్లలందరినీ కూర్చోబెట్టి, దిగేముందు నాలుగు మాటలు చెబుతున్నాడు. ఈ రోజుల్లో కవళ్ళు ఒడ్డుకు దగ్గరగా వస్తాయట. వేలెడంత చేపలు, వెండిలా మెరుస్తూ లక్షల్లో గుంపుగా కదులుతాయట.

"కవళ్ళు వొత్తే ఒట్టి కవళ్ళే రావు. ఆటిని తినేవన్నీ ఎనకాలే వొత్తాయి. పైన పిట్టలు, కింద సొరలు. సొర మనిసి కోసం రాదు. కానీ ఆ గుంపులో ఏది సేపో ఏది సెయ్యో దానికి తెలీదు కదా? అందుకే పట్టీలు, సెవిపోగులు తీసెయ్యండి. ఒంటరిగా ఎల్లకండి. పిట్టలు నీళ్ళల్లో పడతన్న సోటుకి సచ్చినా ఎల్లొద్దు. ఒకేళ గుంపు మీ కాడికే వొచ్చేసిందనుకోండి, సేతులూ కాళ్ళూ ఆడించకండి. పలక మీద బోర్లా తొంగోండి. సేతులు గుండె కింద, కాళ్ళు పైకి. కెరటమే తెచ్చి ఒడ్డున పడేత్తాది."

ఉమారాణి ఈ మాటలన్నీ విన్నది. పట్టీలు విప్పి సంచిలో వేసింది. వినవలసిన ఇంకో మనిషి మాత్రం పైన మూడో టీ చెబుతున్నాడు.

టీ అయిపోయాక ఇక తప్పదన్నట్టు కిందికి వచ్చేసరికి, నూకరాజు నడుము లోతు నీళ్ళలో ఇద్దరు కొత్త పిల్లలను పలక ఎక్కిస్తున్నాడు. అతని చూపంతా ఆ పలక మీదే ఉంది. హనుమాండ్లు కూతురి కోసం చూశాడు. గుంపులో లేదు. ఇంకా చూశాడు. ఎక్కడో అవతల, అలలు విరిగే చోటు కూడా దాటి, పలక మీద కూర్చుని ఉంది. ఉన్నచోట ఉండటం లేదు. నీళ్ళ కింది లాగుడు ఆ పిల్లను పక్కకూ లోపలికీ తీసుకుపోతోంది. చేతులతో నీళ్ళు తోస్తోంది, ఆగుతోంది, మళ్ళీ తోస్తోంది. అలసిపోయిందని ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఈతలో ఆ పిల్ల ఒళ్ళంతా ఆయనకు కంఠతా వచ్చు.

ఉమారాణి ఒడ్డు వైపు తిరిగింది. చెయ్యి ఎత్తింది. నూకరాజు కోసం కాదు. తువ్వాల వేసుకున్న మనిషి కోసం.

హనుమాండ్లు నీళ్ళ అంచుదాకా పరుగెత్తాడు. ఏం చెయ్యమని చెప్పాలి? అరిచాడు. అలల హోరులో తన కేక తనకే వినబడలేదు. అప్పుడు కనిపించాయి. ఆ పిల్లకు ఎడమ చేతి వైపున, మరీ దూరం కాదు, తెల్లటి పక్షులు గుంపుగా తిరుగుతున్నాయి. ఒకదాని వెనక ఒకటి కిందికి దిగుతున్నాయి. తెల్లగా, అచ్చం అలాగే తెల్లగా. ఆ క్షణంలో ఆయన నలభై ఏళ్ళు వెనక్కి పోయాడు, కాలికి నేల తగిలింది. ఇంకేమీ ఆలోచించలేదు. మెడలోని తువ్వాల లాగి పైకెత్తి, రెండు చేతులతో ఆ పక్షుల వైపు ఊపాడు. అటు పో. అటు పో బిడ్డా.

ఉమారాణి పక్షుల వైపు చూసింది. మళ్ళీ తండ్రి వైపు చూసింది. ఎందుకో ఒక్క క్షణం ఆగింది. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. పలక తిప్పుకుని, బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్ళు తోసుకుంటూ అటే బయలుదేరింది.

హమ్మయ్య అనుకున్నాడు. సముద్రమైనా సరే, నాయిన చెప్పిన మాట పొల్లుపోదనుకున్నాడు. ఈ ఊరొచ్చాక మొదటిసారి ఆయనకు కాస్త ధైర్యం వచ్చింది.

అప్పుడే నూకరాజు తిరిగి చూశాడు. ఇద్దరు పిల్లలనూ చెరొక రెక్క పట్టుకుని ఒడ్డుకు ఈడ్చి, మెడలోని విజిల్ ఊదుతూ ఇసకలో పాతిన ఎర్రజెండా పీకి ఊపాడు. నీళ్ళలో ఉన్న మిగతా పిల్లలంతా బయటికి పరుగెత్తుకొచ్చారు. ఉమారాణి మాత్రం జెండా వైపు చూడలేదు.

"ఎవరు ఎల్లమన్నారు? ఆ పిల్లని అటు ఎవరు ఎల్లమన్నారు?"

"నేనే తమ్మీ. పక్షులున్న కాడ లోతు తక్కువ గదా..."

నూకరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఓలమ్మో! ఏటి సేసేసినారు బాబాయ్! అవి నిలబడ్డాయేటి? పడతన్నాయి! కింద కవళ్ళున్నాయి. సూడండి, నీళ్ళు నల్లగా లేవూ? ఆ నలుపులో సొరలుంటాయి!"

హనుమాండ్లు చూశాడు. పక్షులు నిలబడలేదు. రాళ్ళు పడ్డట్టు నీళ్ళలో పడి, నోట మెరిసే చేపతో లేస్తున్నాయి. వాటి కింద ఒక పొలమంత మేర నీళ్ళు నల్లబడి, ఉడుకుతున్నట్టు కుతకుతలాడుతున్నాయి. ఆ నలుపు అంచున రెండు చోట్ల ఏదో కొడవలిలా పైకి తేలి, మళ్ళీ మునిగింది. ఉమారాణి పలక సరిగ్గా అటే పోతోంది. రెండు చేతులూ నీళ్ళలో పడుతూ లేస్తూ ఉన్నాయి.

కొంగ నిలబడుతుంది. ఇవి నిలబడలేదు. ఇంత చిన్న తేడా తన కళ్ళకెందుకు కనబడలేదు? మరుక్షణంలో చొక్కా చించుకున్నంత పని చేసి నీళ్ళలోకి ఉరికాడు. నూకరాజు వెనక నుంచి నడుము పట్టుకుని కుదేశాడు.

"మీరు ఈత కొట్టుకుంటా ఎల్తే నీళ్ళు అల్లకల్లోలమయిపోతాయి. ఆ పిల్ల మీదికి మీరే సొరల్ని తోలుకెల్లినట్టు. ఆగండి! ఆ పిల్ల నాకేసి సూడ్డం లేదు. జెండాకేసీ సూడ్డం లేదు. మీకేసే సూత్తంది. తొంగోమని సెప్పండి!"

"ఎట్ల జెప్పాలె?"

"తొంగోండి! ఇసకలో బోర్లా తొంగోండి. సేతులు గుండె కింద పెట్టండి, కాళ్ళు పైకెత్తండి!"

ఉమారాణి అప్పటికి నలుపు అంచుకు చేరింది. ఏదో తేడాగా ఉందని ఆ పిల్లకూ తెలిసిందేమో, పలక మీద లేచి కూర్చుని, కాళ్ళు రెండు వైపులా నీళ్ళలో వేలాడేసి ఒడ్డు వైపు తిరిగింది. హనుమాండ్లు రెండు చేతులూ ఎత్తి ఊపి, ఆ పిల్ల చూసిందని తెలిసేదాకా ఊపి, దబ్బున ఇసక మీద బోర్లా పడ్డాడు. చేతులు ముడిచి రొమ్ము కింద దాచుకున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దగ్గర మడిచి పైకెత్తాడు. యాభయ్యో పడిలో ఉన్న మనిషి, నిక్కరు మీద, చుట్టూ పది మంది ఆడపిల్లలు చూస్తుండగా.

"సూసిందా? తమ్మీ, సూసిందా?"

"తల ఎత్తకండి. మీరు లేత్తే ఆ పిల్లా లేత్తాది. తొంగుంది. తొంగుంది బాబాయ్. సేతులు లోపలికి లాగేసుకుంది."

ఆయన ముఖం ఇసకలోనే ఉంది. ముక్కులోకి ఉప్పు వాసన, కళ్ళలో ఇసక. సముద్రం కనబడదు, బిడ్డ కనబడదు, హోరు మాత్రం వినబడుతోంది. ఇక ఆయనకు కళ్ళంటే నూకరాజే.

"గుంపు మద్దెలో ఉంది... కదలటం లేదు... పిట్టలు పలక సుట్టూరా పడతన్నాయి... కదలటం లేదు, మంచిదే... కెరటం రావాలి..."

తర్వాత నూకరాజు మాట ఆగిపోయింది.

"తమ్మీ?"

వెనక ఉన్న ఆడపిల్లల్లో ఎవరో చిన్నగా అమ్మా అన్నారు. ఏం చూసి అన్నారు? హనుమాండ్లుకు లేవాలనిపించింది. లేస్తే ఆ పిల్ల లేస్తుంది. లేవకపోతే తను ఇలాగే పడుకుని ఉండగా అక్కడ అంతా అయిపోతుందేమో. మింగలేడు, కక్కలేడు. మైసమ్మకు ఏం చెప్పాలి? పూల్ గట్టు మీద మెడ వదలనని ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది తనే. నా దిక్కు సూడు బిడ్డా, నీకేం గాదు అన్నదీ తనే. ఆ పిల్ల నమ్మింది. ఇప్పుడూ నమ్మి అక్కడ పడుకుని ఉంది. తల్లీ గంగమ్మా, నా చేతులు తీసుకో, నా కాళ్ళు తీసుకో అని ఇసకలోనే గొణిగాడు. ఎత్తిన కాళ్ళు నొప్పితో వణికిపోతున్నా దించలేదు. తను దించితే అక్కడ ఆ పిల్ల కాళ్ళు నీళ్ళలో పడతాయని ఆయన భయం.

"పలక కింద ఏదో గుద్దింది" అన్నాడు నూకరాజు. "పక్కకి ఒరిగింది... పడలేదు. పడలేదు బాబాయ్. కాలు దించలేదు. ఏం పిల్లండీ... వొత్తంది, కెరటం వొత్తంది... ఎత్తేసింది! గుంపు దాటింది!"

అయినా హనుమాండ్లు లేవలేదు. లేవమని ఎవరూ చెప్పలేదు మరి. నూకరాజు నీళ్ళలోకి పరుగెత్తిన చప్పుడు, పలక ఇసకకు ఒరుసుకున్న చప్పుడు, ఆడపిల్లల ఏడుపులు, అన్నీ వినబడ్డాయి. పల్చటి నీటి పొర ఒకటి వచ్చి ఆయన గడ్డం తడిపి వెళ్ళింది. తర్వాత చల్లటి చెయ్యి ఒకటి వీపు మీద పడింది.

"నాయినా, లే."

లేచి కూర్చున్నాడు. ఉమారాణి ఎదురుగా కూర్చుంది. పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆయన ఆ పిల్ల చేతులు చూశాడు, వేళ్ళు చూశాడు, కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని మడమల దాకా తడిమి చూశాడు. ఎక్కడా గీత కూడా లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. పదిమందిలో ఉన్నానని కూడా చూడకుండా బావురుమన్నాడు.

నూకరాజు దుప్పటి తెచ్చి ఆ పిల్ల మీద కప్పాడు. అతనికి భయం దిగి ఇప్పుడు కోపం ఎక్కింది.

"పొద్దున్నేటి సెప్పేను నీకు? పిట్టలు పడతన్న సోటుకి సచ్చినా ఎల్లొద్దని సెప్పలేదా? ఇన్నావా, ఇన్లేదా?"

"విన్న అన్నా."

"ఇని ఎలాగ ఎల్లేవు?"

ఉమారాణి నూకరాజును చూసింది, తండ్రిని చూసింది. ఆ చూపులో నిష్ఠూరమేమీ లేదు. అంత స్పష్టమైన విషయాన్ని ఎందుకు అడుగుతున్నారో తెలియనట్టు ఉంది.

"నాయిన పొమ్మన్నడు గదా" అంది.

హనుమాండ్లుకు ఏడుపు ఆగిపోయింది. సొరచేపల కంటే, అవతలి గట్టు లేని ఆ నీళ్ళ కంటే, ఈ మాటకు ఎక్కువ భయం వేసింది. తెలిసి కూడా పోయింది. చావుంటుందని విని కూడా, తను తువ్వాల ఊపాడని పోయింది. ఇంకెన్ని చోట్ల, ఇంకెన్నిసార్లు ఇలాగే పోతుంది? తనకు తెలిసింది ఒక్క చెరువు. ఆ చెరువు కూడా ఇప్పుడు లేదు.

సాయంత్రానికి పక్షులు వెళ్ళిపోయాయి. మరునాడు పొద్దున నీళ్ళు తేటగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఆడపిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఉమారాణి పలక చంకన పెట్టుకుని వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. ఆయన ఈసారి టీకొట్టుకు పోలేదు, సముద్రానికి ఎదురుగా నిలబడ్డాడు. భయం ఇంకా ఉంది, దాచుకోలేదు.

"దిగాల్నా నాయినా? వద్దా?"

హనుమాండ్లు నోరు తెరిచాడు. వద్దు అనబోయాడు, అదీ తెలిసి అనే మాట కాదని ఆగాడు. నీళ్ళ సంగతి ఎవరడిగినా జవాబు లేకుండా ఒక్కనాడూ ఉండని మనిషి.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాడు. "నూకరాజును అడుగు."